ఆరో క్యూ ఒకటే, బెల్ట్ రంగులు రెండు

ప్రశ్న: మా బాబుకి పదేళ్లు. గుంటూరులో రెండున్నరేళ్లు షోటోకాన్ కరాటే నేర్చుకుని గ్రీన్ బెల్ట్ దాకా వచ్చాడు. ఈ జూన్‌లో మావారికి బదిలీ అయి హైదరాబాద్ వచ్చేశాం. ఇంటికి దగ్గరలో ఉన్నది క్యోకుషిన్ అనే వేరే స్టైల్ కరాటే క్లాసు. అక్కడి సెన్సై (గురువు) వాడి సర్టిఫికెట్ చూసి, "6వ క్యూ కదా, మా దగ్గర ఎల్లో బెల్ట్ కట్టుకో" అన్నారు. "నన్ను కిందికి దించేశారు" అని వాడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. పాత క్లాసులో ఒక కాగితం ఇచ్చి కంఠతా పట్టించారు: తెలుపు అంటే అమాయకత్వం, పసుపు భూమి, ఆకుపచ్చ మొక్క ఎదగడం, నీలం ఆకాశం, ఎరుపు ప్రమాదం, నలుపు అంటే చీకటికి బెదరకపోవడం అని. ఆ లెక్కన పసుపు కిందిదే కదా అని వాడి వాదన. అసలు ఈ అర్థాలు ఎవరు పెట్టారు? ఏ వరస నిజం? ఇంకోటి, మా అత్తగారు ఆ గ్రీన్ బెల్ట్‌ని కరాటే డ్రెస్‌తో కలిపి సబ్బుపొడి నీళ్లలో నానబెట్టారు. డ్రెస్సంతా పచ్చ మరకలు. బెల్ట్ ఉతికితే శక్తి పోతుందట, దానికి మళ్లీ ఏడుపు. ముడి కూడా క్లాసులో మాటిమాటికీ ఊడిపోతోందట. ఏం చెయ్యాలి?
— ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: ముందు బాబు మనసులో గుచ్చుకున్న ముల్లు తీసేద్దాం. తనని ఎవరూ కిందికి దించలేదు. సర్టిఫికెట్ తీసి తనకే చూపించండి. అందులో 'గ్రీన్ బెల్ట్' అన్న మాట కంటే '6వ క్యూ' అన్న అంకె ముఖ్యం. క్యూ అంటే బ్లాక్ బెల్ట్‌కి ముందు వచ్చే మెట్టు, కరాటేలో స్థాయి అంటే ఆ అంకే. రంగు దాని మీద అంటించిన చీటీ లాంటిది, ఒక్కో సంస్థ ఒక్కో రంగు చీటీ అంటిస్తుంది.

షోటోకాన్ క్లాసుల్లో ఎక్కువగా కనిపించే వరస ఇది: 9వ క్యూ దాకా వైట్, 8 ఎల్లో, 7 ఆరెంజ్, 6 గ్రీన్, 5 బ్లూ లేదా పర్పుల్, 4 పర్పుల్, ఆ పైన 3, 2, 1 మూడూ బ్రౌన్. ఇందులోనూ సంస్థని బట్టి ఒకటి రెండు రంగులు అటూ ఇటూ అవుతాయి. క్యోకుషిన్‌లో ఒక్కో రంగు రెండేసి క్యూలకి వస్తుంది: 10, 9 ఆరెంజ్, 8, 7 బ్లూ, 6, 5 ఎల్లో, 4, 3 గ్రీన్, 2, 1 బ్రౌన్. జతలో పై క్యూకి వెళ్లినప్పుడు అదే బెల్ట్ కొసన ఒక గీత కుడతారు. ఇప్పుడు రెండు వరసల్లోనూ 6 దగ్గర వేలు పెట్టమనండి. ఒకచోట గ్రీన్, ఇంకోచోట ఎల్లో. అంకె కదల్లేదు. ఆరో తరగతి పిల్లాడు స్కూలు మారితే యూనిఫాం రంగు మారుతుంది, అంతమాత్రాన తరగతి తగ్గదు కదా, అలా చెప్తే పదేళ్ల పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది. క్యూలు 10 నుంచి 1కి దిగుతూ లెక్కపెడతారని, బ్లాక్ బెల్ట్ దగ్గర మొదలయ్యే డాన్‌లు 1 నుంచి పైకి లెక్కపెడతారని కూడా తనకి గుర్తు చెయ్యండి. అంకె తగ్గడం ఎదగడమే అని తెలిసిన పిల్లలు రంగు విషయంలోనూ తొందరగా సర్దుకుంటారు.

ఇంకో సంగతి మీరిద్దరూ గమనించాలి. స్టైల్ మారి వచ్చిన వాళ్లని మళ్లీ వైట్ బెల్ట్ నుంచి మొదలుపెట్టించే క్లాసులు చాలా ఉన్నాయి. అదీ తప్పు కాదు, పాఠాలు వేరు కాబట్టి. మీ కొత్త సెన్సై మాత్రం పాత సర్టిఫికెట్‌ని గౌరవించి అదే క్యూలో చేర్చుకున్నారు. బాబు అవమానం అనుకున్నది నిజానికి మర్యాద.

ఇక రంగుల అర్థాల సంగతి. జపాన్‌లోని ఒకినావా దీవుల్లో కరాటే పుట్టి పెరిగిన రోజుల్లో బెల్టులూ లేవు, క్యూలూ లేవు, ఇప్పటి తెల్ల డ్రెస్సూ లేదు. బెల్ట్ జూడో నుంచి వచ్చింది. 1882లో టోక్యోలో కొడోకాన్ అనే జూడో బడి స్థాపించిన కానో జిగొరో 1883లో ఇద్దరు శిష్యులకి మొదటిసారి షోదాన్, అంటే 1వ డాన్ ఇచ్చారు. డాన్ అందుకున్న వాళ్లు నల్ల బెల్ట్ కట్టడం 1886 ప్రాంతంలో మొదలైంది. అప్పుడు ఉన్నవి రెండే గుంపులు, డాన్ లేనివాళ్లు, డాన్ ఉన్నవాళ్లు. దూరం నుంచి చూసినా ఎవరెవరో తెలియడానికి తెలుపు, నలుపు సరిపోయాయి. ఒకినావా నుంచి 1922లో టోక్యో వచ్చి కరాటే ప్రదర్శించిన ఫునాకోషి గిచిన్ కానో నుంచి ఈ పద్ధతి తీసుకుని, 1924 ఏప్రిల్‌లో తన శిష్యులు ఏడుగురికి మొదటిసారి షోదాన్ ఇచ్చారు. అందరూ దీనికి వెంటనే ఒప్పుకున్నారని కాదు. గోజు-ర్యు అనే కరాటే స్టైల్ స్థాపకుడు మియాగి చోజున్ 1953లో కన్నుమూసేదాకా శిష్యులెవరికీ డాన్ ఇవ్వలేదు.

పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలం వచ్చింది యూరప్‌లో. లండన్‌లోని బుడోక్వాయ్ జూడో క్లబ్‌లో 1920ల చివర్లోనే రంగు బెల్టులు కనిపిస్తాయి. 1930ల మధ్యలో పారిస్‌లో జూడో నేర్పిన కవైషి మికొనొసుకె వాటిని ఒక క్రమంలో పెట్టారు. కారణం చాలా మామూలుది. వైట్ నుంచి బ్లాక్ దాకా ఏళ్లు పడుతుంది, ఆ మధ్యలో కంటికి కనబడే మెట్లు లేకపోతే నేర్చుకునేవాళ్లు నిరుత్సాహపడి మానేస్తున్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కరాటే దేశదేశాలకీ పాకినప్పుడు ఈ అలవాటూ దానితో పాటు పాకింది. ఏ రంగుకి ఏ అర్థం అని కానో గానీ ఫునాకోషి గానీ పట్టిక రాసి ఇవ్వలేదు. అందుకే ఒక్కో సంస్థలో ఒక్కో వరస, ఒక్కో వివరణ.

మరి బాబు కంఠతా పట్టిన కాగితం ఎక్కడిది? దాదాపు పదానికి పదం అది కొరియా యుద్ధవిద్య టైక్వాండో వాళ్లది. జనరల్ చోయ్ హాంగ్ హీ టైక్వాండో విద్యార్థులకి పెట్టిన వివరణ ఇదే: తెలుపు ఏమీ తెలియని అమాయకత్వం, పసుపు విత్తనం వేళ్లు పట్టే నేల, ఆకుపచ్చ మొక్క ఎదగడం, నీలం ఆ మొక్క మానై చేరుకోబోయే ఆకాశం, ఎరుపు ప్రమాదం, అంటే నీ శక్తి ఇప్పుడు ఎదుటివాడికి ప్రమాదం కాబట్టి నిన్ను నువ్వు అదుపులో పెట్టుకో అని, నలుపు తెలుపుకి ఎదురుగా నిలిచే పరిపక్వత, చీకటికీ భయానికీ లొంగకపోవడం. చోయ్ కూడా యువకుడిగా జపాన్‌లో కరాటే నేర్చుకున్నవారే కాబట్టి రెండు విద్యలకీ చుట్టరికం ఉంది, అలా ఆ కాగితం కరాటే క్లాసుల్లోకి సులువుగా వచ్చేసింది. ఆనవాలు కావాలంటే ఎరుపు చూడండి. చాలా షోటోకాన్ క్లాసుల వరసలో క్యూల మధ్య ఎర్ర బెల్ట్ ఉండదు, అయినా కాగితంలో ఎరుపు ఉంటుంది.

ఆ వివరణ చెడ్డదని కాదు. నేల, మొక్క, మాను, ఆకాశం అన్న వరస పిల్లలకి చక్కగా పట్టుబడుతుంది. కానీ ఆ కథ నిలబడాలంటే పసుపు తర్వాత ఆకుపచ్చ, ఆకుపచ్చ తర్వాత నీలం రావాలి. క్యోకుషిన్‌లో నీలం పసుపు కంటే ముందే వస్తుంది. నేల కంటే ముందు ఆకాశమా? అక్కడ ఆ కథ అతకదు. క్యోకుషిన్ సంస్థలు కొన్ని వేరే వివరణ ఇస్తాయి, మన యోగశాస్త్రంలోని చక్రాలతో ముడిపెడతాయి, పసుపు మణిపూరకం, ఆకుపచ్చ అనాహతం అని. అదీ తర్వాత అల్లిన వివరణే. కాబట్టి ఏది నిజం అన్న మీ ప్రశ్నకి జవాబు: టెస్టులో ఏ క్లాసు ప్రశ్న అడిగితే ఆ క్లాసు జవాబు చెప్పమనండి, మనసులో మాత్రం రంగుని బట్టి ఎవరినీ, ముఖ్యంగా తనని తాను, తూచవద్దని చెప్పండి.

అయితే రంగులకి అసలు అర్థమే లేదనడం కూడా అన్యాయమే. తెలుపు, నలుపులకి జపాన్ భాషలోనే లోతైన వేరు ఉంది. ఒక పనిలో అనుభవం లేనివాణ్ని జపనీయులు 'షిరోతో' అంటారు, ఆరితేరినవాణ్ని 'కురోతో' అంటారు. షిరో అంటే తెలుపు, కురో అంటే నలుపు. తెల్ల మనిషి, నల్ల మనిషి అన్నమాట, ఒంటి రంగుతో దానికి సంబంధం లేదు. బెల్టులు పుట్టకముందు నుంచీ వాళ్ల నోట్లో ఉన్న మాటలివి. వాళ్లకి తెల్ల బెల్ట్ చూడగానే 'కొత్తవాడు' అని, నల్ల బెల్ట్ చూడగానే 'పని తెలిసినవాడు' అని ఎవరూ వివరించకుండానే తోస్తుంది. కానీ 'షోదాన్' అన్న మాటలో 'షో' అంటే ఆరంభం, 'దాన్' అంటే మెట్టు. నల్ల బెల్ట్ మొదటి మెట్టు, అప్పటిదాకా నేర్చినది మెట్ల దగ్గరికి నడిచి రావడం.

ఆకుపచ్చ, నీలం సంగతి మన తెలుగువాళ్లకి ఇంకా బాగా అర్థమవుతుంది. జపాన్ భాషలో 'ఆఓ' అన్న ఒక్క మాట నీలానికీ ఆకుపచ్చకీ చెల్లుతుంది. ట్రాఫిక్ సిగ్నల్లో పచ్చ దీపాన్ని ఇప్పటికీ ఆఓ అనే అంటారు. అదే మాటకి 'ఇంకా పండనిది' అన్న అర్థం కూడా ఉంది, అనుభవం లేని కుర్రాణ్ని ఆ మాటతోనే పిలుస్తారు. మనకీ అంతే కదా. పసుపూ పచ్చే, ఆకూ పచ్చే, రెంటికీ ఒకే మాట, దాని పక్కనే 'పచ్చి' ఉంది, పచ్చికాయ, పచ్చిమిరప. మధ్య బెల్టుల పిల్లలు పచ్చిగా ఉన్నారు, పండుతున్నారు అనుకుంటే తెలుగులో అంతకంటే మంచి వివరణ దొరకదు. ఎల్లో ముందా గ్రీన్ ముందా అని బాబు అడిగితే రెండూ పచ్చే నాన్నా అనండి. బ్రౌన్‌ని వాళ్లు 'చా-ఇరో' అంటారు, టీ రంగు. మనం గోధుమ రంగు అంటాం. పేరు పెట్టేటప్పుడు ఎవరి వంటింట్లో ఉన్నది వాళ్లు చూసుకున్నారు.

ఎరుపు విషయంలో ఒక జాగ్రత్త. జూడోలో 9, 10 డాన్‌లకి ఎర్ర బెల్ట్ ఉంది, అది చాలా పెద్దల స్థాయి. ప్రపంచ కరాటే ఫెడరేషన్ నియమాలతో జరిగే పోటీల్లో మాత్రం ఇద్దరిలో ఒకరు ఎర్ర బెల్ట్, ఒకరు నీలం బెల్ట్ కడతారు. ఒకరిని 'అకా', ఇంకొకరిని 'ఆఓ' అని పిలుస్తారు. రిఫరీకి ఎవరెవరో తెలియడానికే అది, స్థాయితో పని లేదు. క్యోకుషిన్ పోటీల్లో అయితే ఎరుపు వైపు నిలబడినవాళ్లు తమ బెల్ట్‌కే ఒక ఎర్ర రిబ్బన్ తగిలించుకుంటారు. పోటీ ఫొటో చూసి మనవాడికి రెడ్ బెల్ట్ వచ్చిందని బంధువులు అభినందించడం తరచూ జరిగేదే, బాబుకి ముందే చెప్పి ఉంచండి.

నా దృష్టిలో బెల్ట్ రంగుకి గట్టి అర్థం ఆ దశలో శరీరం ఏ తప్పు వదిలించుకుందో అదే. షోటోకాన్‌లో ఇది కటాల వరసలో, అంటే ఒక క్రమంలో చేసే కదలికల వరసల్లో, స్పష్టంగా కనబడుతుంది. ఎల్లో బెల్ట్ కోసం చేసే హెయాన్ షోదాన్ కటాలో (ఇక్కడ షోదాన్ అంటే 'మొదటిది' అని మాత్రమే, బ్లాక్ బెల్ట్ కాదు) 21 కదలికలు. అక్కడ పిల్లలందరూ చేసే తప్పు ఒకటే. గుద్దే చెయ్యి మీద ధ్యాస పెట్టి రెండో చేతిని మర్చిపోతారు. వెనక్కి లాగే చెయ్యి, అంటే హికితే, పిడికిలి అరచేతివైపు పైకి తిరిగి నడుము పక్కన బిగిసి ఆగాలి. చంకలో ఒక చేతిరుమాలు పెట్టి చేయించి చూడండి. మోచెయ్యి బయటికి విచ్చుకుంటే రుమాలు కింద పడుతుంది. తర్వాతి హెయాన్ నిదాన్‌లో 26 కదలికలు, దాన్నిండా కొకుత్సు-దాచి, బరువు 70 శాతం వెనక కాలి మీద ఉండే నిలబాటు. పిల్లలు బరువుని మధ్యలో పెట్టి, వంగినట్టు నటిస్తారు. పరీక్ష తేలిక. ఆ నిలబాటులో ముందు పాదం ఎత్తమనండి. ఒళ్లు కదలకుండా పాదం లేస్తే బరువు సరిగా ఉన్నట్టు, ఎత్తేముందు ఒళ్లు వెనక్కి ఊగితే లేనట్టు. గ్రీన్ కోసం చేసిన హెయాన్ సాందాన్‌లో 20 కదలికలే, కానీ కిబా-దాచి అనే గుర్రపు నిలబాటు, కాలితో నేలని తొక్కి దిగడం వస్తాయి. బ్రౌన్ దగ్గర టెక్కి షోదాన్, 29 కదలికలు, మొదటినుంచి చివరిదాకా కిబా-దాచిలో పక్కలకే జరగాలి, ముందుకి ఒక్క అడుగూ ఉండదు. అక్కడ తొడలు మండినా నడుము లేవకూడదు. పైపై చలాకీతనంతో గ్రీన్ దాకా వచ్చిన పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే.

ఇంకో మాట, మీ బాబు రెండున్నరేళ్లలో 6వ క్యూకి వచ్చాడన్నారు. అది ఆరోగ్యకరమైన వేగం. మూడు నెలలకో బెల్ట్ తప్పకుండా ఇచ్చుకుంటూ పోతే రెండున్నరేళ్లలోనే బ్లాక్ బెల్ట్ చేతిలో ఉంటుంది, పైన చెప్పిన తప్పుల్లో ఒక్కటీ పోయి ఉండదు. అలాంటి చోట రంగు ఒక్కటే మిగులుతుంది. వారానికి మూడు క్లాసులు చేసే పిల్లలకి వైట్ నుంచి షోదాన్ దాకా నాలుగైదేళ్లు పట్టడం సహజం.

క్యోకుషిన్‌లో బాబుకి మారేవి ఇవి. ఈ స్టైల్ స్థాపించిన ఒయామా మసుతాత్సు ఫునాకోషి దగ్గర షోటోకాన్, తర్వాత గోజు-ర్యు నేర్చుకున్నారు. అందుకే రెండింటి పోలికలూ ఇందులో ఉంటాయి. హెయాన్ పేరు 'పినాన్' అవుతుంది, దానికి ముందు తైక్యోకు అనే మూడు చిన్న కటాలు ఉంటాయి. అవి బాబుకి తొందరగా వచ్చేస్తాయి. ఇబ్బంది పెట్టేది సాంచిన్-దాచి. షోటోకాన్‌లో పొడవుగా, లోతుగా నిలబడటం అలవాటైన కాళ్లు ఇప్పుడు వేళ్లు లోపలికి తిప్పి, మోకాళ్లు లోపలికి బిగించి, పొట్టి నిలబాటులో నిలబడాలి. మొదట్లో మోకాలి లోపలి వైపు లాగినట్టు ఉంటుంది. లాగడం మామూలే, నొప్పి మాత్రం మామూలు కాదు, నొప్పి ఉంటే పాదం తిప్పుడు తగ్గించమని సెన్సైని అడగండి.

అంతకంటే పెద్ద తేడా దెబ్బ. షోటోకాన్‌లో గుద్దు ఎదుటివాడి ఒంటికి తగిలేముందు ఆపడం నేర్పుతారు. క్యోకుషిన్‌లో నిజంగా తగిలిస్తారు. పెద్దల పోటీ నియమాల్లో ముఖం మీద గుద్దడం నిషేధం, తల మీద తన్నడం మాత్రం ఉంది. కాబట్టి ఫీజు కంటే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి: పిల్లలకి తగిలించే సాధన ఎప్పుడు మొదలుపెడతారు, తలకి హెల్మెట్, మోకాలి కింద షిన్‌గార్డ్ తప్పనిసరేనా, బరువుని బట్టి జతలు కడతారా. సంస్థ రికార్డులో తనని 6వ క్యూగా రాశారో లేదో కూడా చూసుకోండి. నోటిమాటగా ఉంటే తర్వాతి గ్రేడింగ్ (బెల్ట్ పరీక్ష) దగ్గర చిక్కు వస్తుంది. ఆరు నెలలు గ్రేడింగ్ జోలికి వెళ్లకుండా ఉంటే మంచిది, కాళ్లు కొత్త అలవాటులో పడటానికి ఆమాత్రం సమయం కావాలి.

డోజోలో, అంటే కరాటే నేర్పే చోట, చెప్పే ప్రతిజ్ఞ కూడా మారుతుంది. షోటోకాన్‌లో ఐదు వాక్యాలు, క్యోకుషిన్‌లో ఏడు. ఒక చిన్న సంగతి బాబుకి చూపించండి. రెంటిలోనూ జపాన్ భాషలో చెప్పేటప్పుడు ప్రతి వాక్యం 'హితోత్సు', అంటే 'ఒకటి' అనే మొదలవుతుంది. ఒకటి, రెండు, మూడు అనరు. ఒకటి, ఒకటి, ఒకటి. ఏదీ దేని కింద ఉన్నది కాదని. పైదీ కిందదీ అని బాధపడుతున్న పిల్లాడికి ఇది బాగా నాటుకుంటుంది.

పాత గ్రీన్ బెల్ట్‌ని పడెయ్యవద్దు, కొత్త క్లాసుకి కట్టుకెళ్లవద్దు. ఇంట్లో తన కంటికి కనబడేచోట వేలాడదీయండి.

ఇప్పుడు ఉతకడం. బెల్ట్ ఉతికితే శక్తి పోతుందన్నది, వెనకటి గురువులు తెల్ల బెల్ట్ ఉతక్కుండా వాడితే అదే మురికి పట్టి నల్లబడిందన్నది, రెండూ కల్పనే. నల్ల బెల్ట్ 1880ల్లో విడిగా ఇచ్చినదే అని పైన చూశాం. చెమట పట్టిన నూలు గుడ్డ ఉతక్కపోతే వచ్చేది వాసన, బూజు. ఇందులో నిజమైన మార్పు ఒకటుంది, అది తిరగేసిన దిక్కులో జరుగుతుంది. నల్ల బెల్ట్ లోపల తెల్ల నూలు పట్టీ ఉంటుంది, పైన నల్ల గుడ్డ చుట్టి బారుగా ఎనిమిది, పది వరసల కుట్టు వేస్తారు. ముడి పడే చోట ఏళ్ల తరబడి రాపిడికి పై గుడ్డ చిరిగి లోపలి తెలుపు బయటపడుతుంది. పాత గురువుల నడుము మీద చూస్తే ముడి దగ్గర తెల్లగా, కొసల దగ్గర నల్లగా ఉంటుంది. మేమూ తెల్ల బెల్ట్ వాళ్లలాగే ఇంకా నేర్చుకునేవాళ్లమే అని వాళ్లు చెప్పేది ఆ తెలుపుని చూపించే.

మీ అత్తగారి తప్పేమీ లేదు, బెల్ట్ రంగు అంతగా దిగుతుందని ఎవరు అనుకుంటారు? చౌక రకం నూలు బెల్టుల్లో మిగులు రంగు చాలా ఉంటుంది, మొదటి మూడు నాలుగు ఉతుకుల్లో దిగుతూనే ఉంటుంది. కల్లుప్పు వేస్తే కొంచెం తగ్గవచ్చు, ఆగదు. బెల్ట్‌కి ఎప్పుడూ విడి బకెట్టే. చల్లని నీళ్లు, కొంచెం సబ్బు, పది నిమిషాలు చాలు, రాత్రంతా నానబెట్టవద్దు. ఉతికాక మెలిపెట్టి పిండకండి, లోపలి పట్టీ మెలికపడి బెల్ట్ తాడులా తిరిగిపోతుంది, ఇక ముడి ఎప్పటికీ చదునుగా కూర్చోదు. తువ్వాల్లో చుట్టి అదిమి, నీడలో చదునుగా ఆరేయండి. వానాకాలంలో పైన ఆరినట్టే ఉండి లోపల తడి ఉంటుంది, రెండు రోజులు గాలాడనివ్వండి. నెలకోసారి ఉతికినా చాలు, కానీ క్లాసు అయ్యాక బ్యాగులో ముద్దగా కుక్కకుండా రోజూ దండెం మీద వెయ్యాలి. మరకలు పడ్డ డ్రెస్‌ని ఇస్త్రీ చెయ్యకండి, వేడికి మరక గట్టిపడుతుంది. వెంటనే మళ్లీ సబ్బు నీళ్లలో ఒక్కదాన్నే నానబెట్టి ఉతకండి, రెండు మూడు సార్లకి చాలావరకు పోతుంది. బ్లీచింగ్ పౌడర్ జోలికి వెళ్లకండి. నూలు బలం పోతుంది, పాలియెస్టర్ కలిసిన గుడ్డ అయితే పసుపెక్కుతుంది.

చివరగా ముడి. ముందు పొడవు చూసుకోండి. నడుము చుట్టుకొలతకి రెండింతలు తీసుకుని దానికి 70 నుంచి 80 సెంటీమీటర్లు కలపాలి. 60 సెంటీమీటర్ల నడుముకి 200 ప్రాంతంలో సరిపోతుంది. ముడి వేశాక కొసలు ఒక్కోటి కనీసం 15 సెంటీమీటర్లు ఉండాలి, తొడ ముప్పావు దాటకూడదు. అంతకంటే పొడవైతే తన్నేటప్పుడు కాళ్లకి చుట్టుకుంటుంది.

డ్రెస్ ఎడమ అంచు కుడి అంచు మీదికి రావాలి. కుడిది పైన వేస్తే జపాన్‌లో అది శవానికి వేసే తీరు, దీన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోరు. బెల్ట్ నడిమి భాగం బొడ్డుకి రెండు వేళ్ల కింద ఆనించి, రెండు కొసలూ వెనక్కి తీసుకెళ్లి ఒకదాని మీద ఒకటి దాటించి ముందుకి తేవాలి. ఇప్పుడు కంపెనీ పేరు కుట్టిన కొసని గుర్తు పెట్టుకోండి, లేదంటే ఒక కొసకి దారపు ముక్క కట్టండి. గుర్తున్న కొస రెండోదాని మీదుగా దాటి, నడుము మీదున్న రెండు పొరల కిందినుంచి దూరి పైకి రావాలి. రెండింటినీ సమంగా లాగి బిగించండి. ఇది సగం ముడి. మిగతా సగంలో కూడా గుర్తున్న కొసే మళ్లీ రెండోదాని మీదుగా వెళ్లి, దాని చుట్టూ తిరిగి లోపలినుంచి బయటికి రావాలి. అసలు తిరకాసంతా ఇక్కడే. పిల్లలు రెండో సగంలో అవతలి కొసని పైన వేస్తారు. చూడ్డానికి ముడిలాగే ఉంటుంది, పది తన్నులకి జారిపోతుంది. కొత్త బెల్ట్ బిరుసుగా ఉంటే ఇంకా తొందరగా జారుతుంది, అలాంటిదాన్ని టీవీ చూస్తూ అరగంట రెండు చేతుల మధ్య అటూ ఇటూ మడిచి నలిపితే మెత్తబడుతుంది. క్లాసు మధ్యలో ఊడితే సెన్సై వైపు వీపు కాకుండా ఉండాలని కొందరు పిల్లలు ఎదురుగా నిలబడే కట్టుకుంటారు. చాలా డోజోల్లో పద్ధతి దీనికి తిరగేసి ఉంటుంది, ముఖం వెనక్కి తిప్పి, బెల్ట్ సర్దుకుని, మళ్లీ ఇటు తిరగాలి.

రేపు క్లాసుకి పంపేముందు అద్దం ముందు నిలబెట్టి ముడి చూడండి. కొసలు రెండూ చెరో పక్కకి చూస్తుంటే సరిగ్గా పడినట్టు. ఒకటి గడ్డం వైపు, ఒకటి నేల వైపు చూస్తుంటే విప్పి, గుర్తున్న కొసతో మళ్లీ మొదలుపెట్టమనండి.